వదిన ప్రార్థన, నా ఉద్యోగం

కృపగల తండ్రికి ముందుగా స్తోత్రం. గోదారి పాయల మధ్య పుట్టించి, వరదల్లోనూ తుపానుల్లోనూ దాచి కాపాడి, కళ్లజోడు మార్చుకుంటూనైనా వాక్యం చదువుకోగలిగే చూపును ఈ వయసు వరకూ నిలిపినవాడికి మహిమ కలుగు గాక. ఏ సంగతి చెప్పబోయినా ఆయన పేరు ముందు చెప్పి తర్వాత నీ మాట చెప్పమని మా నాన్నగారు నేర్పారు. ఆయన వారమంతా మిషన్ బడిలో పంతులు, ఆదివారం పాస్టరుగారు రాలేని ఊళ్లలో ఉపదేశి. ఆయన నేర్పిన చాలా సంగతులు మర్చిపోయాను గాని ఇదొక్కటి మర్చిపోలేదు.

మొన్న మంగళవారం మధ్యాహ్నం మా సంఘం స్త్రీల ప్రార్థన మా వదిన ఇంట్లో జరిగింది. వదినంటే మా మేనమామ కూతురు, నాకంటే ఐదారేళ్లు పెద్ద. మొగల్తూరు పక్కన మా ఊళ్లో, గుడికి నాలుగిళ్ల అవతలే ఆవిడ ఇల్లు. ఆవిడకి మోకాళ్లు పట్టేసి గుడి మెట్లెక్కలేకపోతోందని ఈ మధ్య ప్రార్థనే ఆవిడ ఇంటికి వెళుతోంది. మా సంఘంలో పాత ఆచారం ఒకటుంది. తెలియనివాళ్లకి చెప్పాలి. ఎవరి విన్నపం వాళ్లు చెప్పుకోవచ్చు గాని, దాని కోసం పైకి ప్రార్థన చేసేది మాత్రం పక్కన కూర్చున్నవాళ్లు. తన కోసం తాను అడిగేటప్పుడు మనిషి గొంతు తెలియకుండానే పెద్దదవుతుందని, పక్కవాళ్ల కోసం అడిగేటప్పుడు తగ్గి ఉంటుందని, మా చిన్నప్పటి పాస్టరుగారి భార్య పెట్టిన పద్ధతట అది. ఆవిడ పోయి ఎన్నో ఏళ్లయినా మా సంఘంలో దాన్ని ఎవరూ తప్పరు.

ఆ రోజు విన్నపాలు ఎప్పటిలాగే మొదలయ్యాయి. ఒకరికి షుగరు, ఒకరికి కంటి ఆపరేషను, ఒకరి రొయ్యల చెరువుకి తెగులు. అవన్నీ అయ్యాక మా చెల్లెలి కూతురు లేచింది. నరసాపురంలో ఒక ప్రభుత్వ ఆఫీసులో కాంట్రాక్టు మీద చేరి, కంప్యూటరు ముందే వయసంతా గడిపేస్తున్న పిల్ల. ఆఫీసుల్లో మనుషులు లేక పనులు ఆగిపోతున్నాయట, అందుకని పరీక్ష తీసేసి ఉన్న కాంట్రాక్టు వాళ్లనే పర్మనెంటు చేస్తారని ఫోన్లలో తెగ వస్తోందట. "అది నిజమయ్యేలా అందరూ ప్రార్థించండి పెద్దమ్మా" అని నా వంక చూసి కూర్చుంది. ఆమె ఇంకా పూర్తిగా కూర్చోకముందే వదిన మనవరాలు లేచింది. డిగ్రీ అయి, రాజమహేంద్రవరంలో హాస్టల్లో ఉంటూ కోచింగు తీసుకుంటున్న పిల్ల, నాలుగు రోజులు సెలవని ఇంటికి వచ్చింది.

"నాది దానికి ఎదురు విన్నపం అమ్మమ్మా. ఏమీ అనుకోకండి" అంది నాతో. "పరీక్ష తియ్యకూడదని ప్రార్థించండి. ఉన్న పోస్టులన్నీ వాళ్లకే ఇచ్చేస్తే మాకింక నోటిఫికేషనే ఉండదు. నాన్న ఇదే ఆఖరి ఏడాది అన్నారు. ఇది దాటితే పుస్తకాలు కట్టిపెట్టి వచ్చెయ్యమన్నారు."

తర్వాత సంఘపెద్దగారి భార్య, ఏ బరువైన చోటైనా ఒక మాట వేసి తేలిక చేసే మనిషి, "ఇద్దరికీ మనం ఆమెన్ అనేస్తే ఎలాగమ్మా, పైన ఆయన ఎవరి ఆమెన్ వినాలి?" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగాక, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో అందరికీ ఒక్కసారే కనిపించింది. మా చెల్లెలి కూతురు వదిన పక్కన కూర్చుని ఉంది. వదిన మనవరాలు నా పక్కన కూర్చుని ఉంది. ఆచారం ప్రకారం, పరీక్ష తీసెయ్యమని వదిన అడగాలి. పరీక్ష పెట్టమని నేను అడగాలి.

వదిన నా వంక చూసింది. మా ఈడు వాళ్లు ఇద్దరు ముగ్గురు తలలు దించుకున్నారు. పడుచువాళ్లకి ఏమీ అర్థం కాలేదు. ఆ చూపులో ఏముందో చెప్పాలంటే దాదాపు నలభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

తాలూకాలు పోయి మండలాలు వచ్చిన రోజులవి. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, రాత్రికి రాత్రి ఊరూరా ఆఫీసులు పుట్టుకొచ్చాయి. ఒకచోట రైసుమిల్లు గోదాములో, ఇంకోచోట ఎవరిదో వసారాలో బోర్డులు కట్టేశారు. బల్లలు వచ్చాయి, కుర్చీలు వచ్చాయి, బీరువాలు కూడా వచ్చాయి గాని వాటి ముందు కూర్చునే మనుషులు లేరు. సర్వీసు కమిషన్ పరీక్ష పెట్టి, దిద్ది, పిలిచేసరికి ఏళ్లు పడుతుంది కాబట్టి ఎంప్లాయ్‌మెంటు ఎక్స్ఛేంజిలో పేరు నమోదు చేసుకున్నవాళ్లని తాత్కాలికంగా పిలిచారు. నాకు ఇంటరు, టైపు లోయరు ఉన్నాయి. పిలుపు వచ్చింది. వదినకీ వచ్చింది. ఆవిడ అప్పటికే పెళ్లయి, ఒక పిల్లవాడికి తల్లయి, ప్రైవేటుగా బి.ఎ. కట్టి పాసైన మనిషి. మా చుట్టాల్లో ఆడపిల్లల్లో అంత చదివింది ఆవిడే. అయితే ఆ పిలుపు వచ్చిన వారమే మా మేనమామకి పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. మా అత్త అప్పటికే లేదు. ఆయన్ని కదపడానికైనా, అన్నం తినిపించడానికైనా వదినే.

"నువ్వెళ్లవే" అంది నాతో. "నువ్వు దొడ్డి గుమ్మంలోంచి దూరు. నేను పరీక్ష రాసి వీధి గుమ్మంలోంచి వస్తాను. అప్పుడు నాకు కుర్చీ తుడిచి పెడుదువు గాని."

అలా నేను చేరాను. తాత్కాలికం అంటే ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకి చెప్పక్కర్లేదు. నాలుగు నెలలు పని, తర్వాత తీసేసినట్టు ఒక కాగితం, మళ్లీ చేర్చుకున్నట్టు ఇంకో కాగితం. మధ్యలో ఆ కొద్ది రోజులూ ఇంట్లో కూర్చుని, మళ్లీ పిలుస్తారో లేదోనని వీధి వైపు చూడటం. ఆ పైన, కమిషన్ వాళ్లు పరీక్ష పెడతారని, తాత్కాలికం వాళ్లు కూడా బయటివాళ్లతో పాటు కూర్చుని అందులో నెగ్గితేనే ఉంటారని, లేకపోతే ఇంటికేనని ఆఫీసంతా చెప్పుకునేవారు. నాకు లెక్కలంటే చచ్చేంత భయం. తెలిసినదైనా ప్రశ్నకాగితం చేతికి రాగానే ఆవిరైపోయేది.

అందుకని సాయంత్రం బస్సు దిగి, ఇంటికి పోకుండా తిన్నగా వదిన ఇంటికి వెళ్లేదాన్ని. అన్నయ్య, అంటే వదిన భర్త, దర్జీ. వీధి గదిలో ఆయన మిషను నడుస్తుంటే, అరుగు మీద వదిన చొక్కాలకి కాజాలు కుడుతూ నాకు లెక్కలు చెప్పేది. ఒక చేత్తో గుడ్డ, పళ్ల మధ్య దారం, ఒళ్లో పిల్లవాడు, లోపల మంచం మీద మేనమామ. ఏదో తొట్టి, దానికి నీళ్లు వచ్చే గొట్టం ఒకటి, పోయే గొట్టం ఒకటి, ఎంతసేపటికి నిండుతుందని లెక్క. నేను చేసిన జవాబు చూసి, "ఆ తొట్టి నిండేలోపు మన గోదారి ఎండిపోతుందే తల్లీ" అనేది. అన్నయ్య లోపల్నుంచి, "నిండకపోతే మానె, నా కాజాలు మాత్రం చూసుకో" అనేవాడు. అప్పుడు వాళ్లింట్లో ఉన్న కష్టానికి ఆ నవ్వులు ఎక్కడినుంచి వచ్చేవో నాకు తెలియదు. ఆ పరీక్ష తర్వాత ఇంకో పరీక్షకి వదినకి వయసు మిగలదని మాత్రం మాకందరికీ తెలుసు. ఇదే ఆవిడకి మొదటిదీ ఆఖరిదీ. అందుకే ఆవిడ చదివే తీరు వేరుగా ఉండేది. రాత్రి మేనమామ నిద్రపోయాక వసారాలో మెల్లగా పైకి చదువుకుంటుంటే, పక్కింటివాళ్లు అది కుటుంబ ప్రార్థన అనుకునేవారట.

ఆ ఏడు ఈస్టరు ముందు వచ్చే శ్రమదినాల్లో ఒక శుక్రవారం గుడిలో ఉపవాస ప్రార్థన పెట్టారు. పరీక్షలు రాసేవాళ్లు విన్నపాలు చెప్పుకోవచ్చన్నారు. నేనూ వదినా ఎప్పటిలాగే ఒకే చాప మీద పక్కపక్కన కూర్చున్నాం. నేను ఉద్యోగం నిలవాలని చెప్పుకున్నాను. ఆవిడ పరీక్షలో నెగ్గాలని చెప్పుకుంది. ఆవిడ కోసం నేను ప్రార్థించాను. ఉపదేశి కూతుర్ని కదా, నాకు ప్రార్థన బాగా వచ్చు. బైబిల్లోని హన్నా కన్నీళ్లనీ, ఎస్తేరు ధైర్యాన్నీ తలుచుకుని, వాక్యం మీద వాక్యం పేర్చి, వినేవాళ్లు కళ్లు తుడుచుకునేలా అడిగాను. ఆ తర్వాత నా కోసం వదిన మొదలుపెట్టింది. ఆవిడది ఎప్పుడూ చిన్న ప్రార్థనే, పక్కింటి మనిషితో మాట్లాడినట్టు ఉంటుంది.

"ప్రభువా, దీనికి పరీక్షంటే ఒణుకు. కాగితం చూస్తే వచ్చింది కూడా మర్చిపోతుంది. నేను చెప్పి చూశాను, నా వల్ల కాలేదు. ఇంక నువ్వే ఆ పరీక్ష లేకుండా దీన్ని గట్టెక్కించు" అంది.

గుడంతా నవ్వింది. పాస్టరుగారూ నవ్వారు. నవ్వుతూనే అందరం ఆమెన్ అన్నాం.

మామిడికాయల కాలం పోయి వానలు పడ్డాక, ఒక రోజు మధ్యాహ్నం మా సూపరింటెండెంటుగారు మమ్మల్నందర్నీ పిలిచి ఉత్తర్వు వచ్చిందని చెప్పారు. ఆఫీసుల్లో మనుషులు చాలక పనులు నడవడం లేదు కాబట్టి, తాత్కాలికంగా చేరినవాళ్లని పరీక్ష లేకుండానే ఉద్యోగాల్లో ఉంచేస్తున్నారని. ఎవరో ఏడ్చారు, ఎవరో చప్పట్లు కొట్టారు. అటెండరు పరుగెత్తి వెళ్లి బూందీ పొట్లాలు తెచ్చాడు. నేను బల్ల మీద తల పెట్టుకుని స్తోత్రం స్తోత్రం అనుకున్నాను. సాయంత్రం బస్సులో, కాలవ వంతెన దగ్గర బస్సు ఆగినప్పుడు, వెనక సీట్లో ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఆ ఉత్తర్వులో రెండో సగం నాకు అర్థమయింది. ఉన్న ఖాళీలన్నీ మాతో నిండిపోయాయి. ఇంక బయటివాళ్లకి పరీక్షే లేదు.

బూందీ పొట్లం చేతిలో పట్టుకుని వదిన అరుగు ఎక్కలేక వీధిలోనే నిలబడ్డాను. ఆవిడ అప్పటికే రేడియోలో వినేసింది. పళ్ల మధ్య దారం తీసి, "అలా నిలబడ్డావేంటే, లోపలికి రా" అంది. "పైనున్నాయన నా మాట ఎంత బాగా విన్నాడో చూశావా! ఒక్క అక్షరం వదలకుండా విన్నాడు. ఈసారి నుంచి కాస్త చూసుకుని అడగాలి." అని పొట్లం తీసుకుని ముందు మేనమామ నోట్లో కొంచెం పెట్టింది, తర్వాత పిల్లవాడికి పెట్టింది, తర్వాత తన నోట్లో వేసుకుంది. ఆవిడ ఏడవలేదు. నాతో పాటు నవ్వింది. ఆ తర్వాత మళ్లీ కూర్చుని, నాతో మాట్లాడుతూనే ఒక చొక్కాకి కాజాలన్నీ పూర్తి చేసింది. మగవాళ్ల చొక్కాకి కాజాలు ఎడమ వైపు ఉంటాయి. ఆ రోజు ఆవిడ అన్నీ కుడి వైపు కుట్టింది. అన్నయ్య అది చూశాడు. నేను బయల్దేరుతుంటే దీపం దగ్గర కూర్చుని ఒక్కొక్కటే మెల్లగా విప్పుకుంటున్నాడు.

ఆ ఏడు గుడిలో కోత పండుగకి, దేవుడు చేసిన మేలు గురించి నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. దాని మీద గుడి వెనక వేపచెట్టు కింద చిన్న వాదమే జరిగింది. ఒక పెద్దాయన, "పరీక్షే రాయని పిల్ల దేవుడు నెగ్గించాడని సాక్ష్యం ఎలా చెబుతుందండీ?" అన్నారు. నిజానికి అందులో తప్పేమీ లేదు. మా నాయనమ్మ అక్కడే గుమ్మడికాయలు తుడుస్తోంది. "ఎర్ర సముద్రం దాటించేటప్పుడు ఇశ్రాయేలీయులకి ఈత పరీక్ష పెట్టాడేంటయ్యా?" అంది తల ఎత్తకుండానే. దాంతో వాదం ముగిసింది. నేను సాక్ష్యం చెప్పాను. చాలా చిన్నగా చెప్పాను. సాక్ష్యం తర్వాత పాట ఎత్తుకోవాల్సింది పాటల జట్టు, ఆ జట్టులో ముందు గొంతు వదినది. ఆవిడ గొంతు వణుకుతుందేమోనని నేను పమిట కొంగు పట్టుకుని నిలబడ్డాను. వణకలేదు. మా గుడి రేకుల కప్పు మీద పావురాలు లేచిపోయేలా పాడింది.

ఆ రాత్రి నాన్నగారిని ఒక ప్రశ్న అడిగాను. యేసుని పట్టించిన యూదా పోయాక అతని స్థానంలో ఒకరిని నిలబెట్టడానికి అపొస్తలులు ఇద్దరిని ఎంచి చీట్లు వేశారు కదా, చీటీ ఒకరి పేరు మీద పడింది, ఆ రెండో ఆయన ఏమయ్యాడు అని. నాన్నగారు చాలాసేపు ఆలోచించి, "లేఖనంలో ఆయన గురించి తర్వాత ఒక్క మాటా లేదమ్మా. అంటే సణగలేదని అర్థం. సణిగి ఉంటే రాసేవారు" అన్నారు. ఎన్నో ప్రసంగాలు విన్నాను గాని అంత దూరం నాతో వచ్చిన మాట ఇంకొకటి లేదు.

మళ్లీ పరీక్ష పెట్టేసరికి ఏళ్లు గడిచాయి. వదినకి వయసు దాటిపోయింది. మొగల్తూరులో ఒక ప్రైవేటు కాన్వెంటులో టీచరుగా చేరి, ఇంటికొచ్చి కాజాలు కుట్టి, ఆదివారం బడిలో మా ఊరి పిల్లలందరికీ వాక్యం కంఠతా పెట్టించి, మేనమామని చివరి రోజు దాకా చూసుకుని, కొడుకుని పెంచి పెద్దవాణ్ణి చేసింది. నేను ఆఫీసుకి వెళ్లాను.

ఆ వెళ్లడం గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. ఎందుకంటే ఆ కుర్చీ దొరికినందుకు నేను సుఖపడ్డానని అనుకునేవాళ్లున్నారు. మాకు ఉద్యోగాలు ఇచ్చింది ఖాళీలు నింపడానికే కదా. ఆ ఖాళీలు మాతో ఏనాడూ నిండలేదు. ఒకరు రిటైరైతే ఆ కుర్చీ అలాగే ఉండిపోయేది, ఆ పని ఇన్‌ఛార్జి పేరుతో పక్కవాళ్ల నెత్తిన పడేది. కొన్నాళ్లు నరసాపురం వైపు, కొన్నాళ్లు రాజమహేంద్రవరంలో, ఎక్కడ చేసినా నా బల్ల పక్కన మనిషి లేని బల్లలు ఉండేవి. వాటి మీద దుమ్ము నేనే తుడిచేదాన్ని, వాటి పని నేనే చేసేదాన్ని. బళ్లు తెరిచే రోజుల్లో సర్టిఫికెట్ల కోసం జనం కిటికీ దగ్గర ఒకరి మీద ఒకరు పడేవారు. వరదల్లో లంక ఊళ్ల నుంచి పడవల్లో వచ్చినవాళ్లు తడి బట్టలతోనే వరుసలో నిలబడేవారు. అందరూ అడిగేది ఒకటే మాట. "ఇంకెవరూ లేరాండీ? మీరొక్కరేనాండీ?" నేనొక్కదాన్నేనండి, కాస్త ఆగండి అని చెప్పి చెప్పి, ఆ మాట నిద్రలో కూడా అనేదాన్నని మా ఆయన నవ్వేవారు. తెచ్చుకున్న క్యారేజి మూత తియ్యకుండానే ఇంటికి తీసుకెళ్లిన రోజులు ఎన్నో.

ఆఫీసులో ఎత్తిపొడుపులు కూడా ఉండేవి. తర్వాత పరీక్ష రాసి చేరినవాళ్లు మమ్మల్ని కొంచెం వేరుగా చూసేవారు. ఒక సూపరింటెండెంటుగారైతే కొత్తవాళ్లకి మమ్మల్ని పరిచయం చేస్తూ, "మన ఆఫీసులో రెండు రకాల వాళ్లున్నారండి. పరీక్ష పాసైనవాళ్లు, ప్రార్థన పాసైనవాళ్లు. ఈవిడ రెండో రకం" అనేవారు. మంచాయనే, సరదాకే అనేవారు. నేనూ నవ్వేదాన్ని. ఆ ప్రార్థన నేను చెయ్యలేదని, చేసిన మనిషి కాన్వెంటు నుంచి ఇంటికి నడిచి వెళుతూ ఉంటుందని ఆయనకి తెలియదు కదా.

రిటైరైన రోజు శాలువా కప్పి, దండ వేసి, నాలుగు మంచి మాటలు చెప్పారు. అదయ్యాక ఛార్జి అప్పగించాలి. ఎవరికి అప్పగించాలో చాలాసేపు తేలలేదు. చివరికి, అప్పటికే ఇంకెవరెవరి పనో మోస్తున్న ఒక అమ్మాయి వచ్చి, "ఇటిచ్చెయ్యండి మేడం, ఎలాగూ నా దగ్గరికే వస్తుంది" అని తాళాలు పుచ్చుకుంది. బయటికొస్తూ వెనక్కి చూశాను. నేను చేరిన మొదటి రోజు ఆఫీసు ఎలా ఉందో ఈ గదీ అలాగే ఉంది. బల్లలున్నాయి, కుర్చీలున్నాయి, బీరువాలున్నాయి.

ఇదంతా మొన్న మంగళవారం వదిన చూసిన ఆ చూపులో ఉంది.

అందరూ కళ్లు మూశారు. ముందు వంతు వదినది. ఆవిడ గొంతు సవరించుకుంది. మా చెల్లెలి కూతురి తల మీద చెయ్యి పెట్టి, ఎప్పటిలాగే పక్కింటి మనిషితో మాట్లాడినట్టు మొదలుపెట్టింది.

"తండ్రీ, ఈ పిల్ల ఇన్నేళ్లు ఆ కుర్చీలో కూర్చుని పని చేసింది. ఇప్పుడు దీన్ని అందులోంచి లేపకు. పరీక్ష లేకుండానే దీన్ని నిలబెట్టు. ఆ పని నీకు కొత్త కాదు. ఇదివరకొకసారి చేశావు, నాకు తెలుసు."

అందరూ ఆమెన్ అన్నారు, మెల్లగా అన్నారు. తర్వాత నా వంతు. వదిన మనవరాలి చెయ్యి నా చేతిలో ఉంది. పెన్ను పట్టి పట్టి మధ్యవేలు మీద కాయ కాసింది ఆ పిల్లకి. హన్నా గుర్తు రాలేదు, ఎస్తేరు గుర్తు రాలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి, ప్రార్థనకి నోరు తెరిస్తే మాట రాలేదు. అలా ఎంతసేపు ఉన్నానో తెలియదు గాని, వదిన కళ్లు మూసుకునే, "కానియ్యవే, ఉప్మా చల్లారిపోతోంది" అంది. ఎవరో కిసుక్కుమన్నారు. అప్పుడు నోరు పెగిలింది.

"ప్రభువా, ఈ పిల్లని ఆ హాల్లో కూర్చోబెట్టు. రాయడం సంగతి ఇది చూసుకుంటుంది. కూర్చోబెట్టు, అంతే" అన్నాను. ఇంకేమీ అనలేకపోయాను. అన్నింటికంటే పెద్ద ఆమెన్ వదినది.

ఉప్మా తిని, టీ తాగి, సాయంత్రం ఆ పిల్ల మళ్లీ రాజమహేంద్రవరం బయల్దేరింది. నరసాపురంలో రైలెక్కాలి. మా చెల్లెలి కూతురు తన స్కూటీ మీద దింపుతానంది. ఇద్దరూ ఎక్కి కూర్చుంటే, పుస్తకాల సంచి ఇద్దరి మధ్యా ఇరుక్కుంది. వదిన గుమ్మం పట్టుకుని నిలబడి, "మెల్లగా తీసుకెళ్లవే, దానికి పరీక్షలున్నాయి" అంది.

"ఉండవులే అత్తా!" అంది మా చెల్లెలి కూతురు బండి తిప్పుతూ.

"ఉంటాయి!" అని అరిచింది వెనకనున్న పిల్ల, ఆమె నడుం గట్టిగా పట్టుకుని.

ఇద్దరూ నవ్వుకుంటూ కాలవగట్టు మీదుగా వెళ్లిపోయారు. కనుమరుగయ్యేదాకా చూసి వదిన లోపలికి వచ్చి చాపలు చుట్టబోయింది. వంగలేకపోయింది. నేను చుట్టాను.

ఆ రోజుల్లో కబురు రేడియోలో వచ్చేది, ఇప్పుడు అరచేతిలో ఫోన్లోకి వస్తోంది. ఆ రోజుల్లో వదిన అరుగు మీద లెక్కలు నేర్చుకున్నాం, ఇప్పుడు పిల్లలు ఊరు విడిచి హాస్టళ్లలో పడుంటున్నారు. మారినవి ఇంకా చాలా ఉన్నాయి. మారనిది ఆ ఖాళీ కుర్చీ ఒక్కటే. ఆఫీసుకి వెళితే మనుషులు లేరంటారు, ఇంటికి వస్తే పిల్లలకి ఉద్యోగాలు లేవంటారు, ఈ రెండూ ఒకే ఊళ్లో, ఒకే కాలంలో ఎలా నిజమవుతాయో ఆ కుర్చీల మధ్య బతుకు గడిపిన నాకే ఇప్పటికీ అర్థం కాలేదు. అన్ని కుర్చీలు ఖాళీగా ఉండగా, ఒకరి ప్రార్థన ఇంకొకరి దారికి అడ్డం పడేలా ఈ ఇద్దరు పిల్లల్ని ఒకే కుర్చీ దగ్గర ఎందుకు నిలబెడుతున్నారో కూడా అర్థం కాలేదు. నేను అలిసిపోయాను. అడగడం మానేంత అలసట మాత్రం కాదు.

మా చెల్లెలి కూతురు తన కుర్చీలోంచి లేవకూడదు. వదిన మనవరాలు కూర్చోవాలి. ఇద్దరికీ చోటుందని నాకు తెలుసు, ఆ గదులు నేను తుడిచాను. వదినకి కళ్లు కనిపిస్తుండగానే, చెవులు వినిపిస్తుండగానే ఆ రెండు కబుర్లూ ఈ ఇంటి గుమ్మంలోకి రావాలి. ఇది నా విన్నపం. మా ఆచారం ప్రకారం దీన్ని నేను ప్రార్థించకూడదు. ఈ పేజీ చదువుతూ ఇంతసేపు నా పక్కన కూర్చున్నది మీరు. ఒక్క నిమిషం కళ్లు మూసుకుని, నా బదులు మీరు అడగండి. ఆమెన్ నేనంటాను.